డాలస్‌లో ఇల్లు, బ్రాడీపేటలో లెక్కలు

వీసా మీద ఉన్నవాళ్లు అమెరికాలో ఇల్లు కొనొచ్చా, కొనకూడదా? గుంటూరులో ఏ పెళ్లి భోజనాల దగ్గర ఈ ప్రశ్న వేసినా పెద్దవాళ్లు ఒక పక్క, కుర్రాళ్లు ఒక పక్క చేరతారు. పెద్దవాళ్లు "గ్రీన్ కార్డు చేతికి రాకుండా కొంపలు కొనడమేంటి" అంటారు. కుర్రాళ్లు "అద్దె కట్టడం దండగ బాబాయ్, అదే డబ్బు ఈఎంఐ కడితే ఇల్లు మనదవుతుంది" అంటారు. రెండు మాటల్లోనూ కాస్త కాస్త నిజం ఉంది. కానీ ఇద్దరూ అడగాల్సిన ప్రశ్న వదిలేస్తారు. ఉన్నపళంగా పెట్టే సర్దుకుని రావాల్సి వస్తే ఆ ఇంటిని ఏం చేస్తాం? అద్దెకిచ్చి వస్తే ఆ అద్దెతో అది తన ఖర్చు తాను చూసుకోగలదా? తాహతుకు తగ్గ ఇల్లు అంటే నా దృష్టిలో ఇదే. నెలకి ఎంత కట్టగలమన్నది దీని తర్వాతి సంగతి.

మేము డాలస్ పక్కన గార్లండ్‌లో ఒక పాత చిన్న ఇల్లు కొనుక్కుని ఉన్నాం. అత్తగారికి ఒంట్లో బాగోక వచ్చేసి ఇప్పుడు గుంటూరు విద్యానగర్‌లో ఉంటున్నాం. ఆ ఇంట్లో వేరే కుటుంబం అద్దెకుంటోంది. అందుకని చుట్టాల్లో ఎవరి పిల్లలు అక్కడ ఇల్లు చూసినా ఆ పీడీఎఫ్‌లన్నీ నా వాట్సాప్‌కే వస్తాయి. మొన్నీమధ్య మా ఆయన బాబాయిగారు, బ్రాడీపేట నాలుగో లైనులో ఉంటారు, కొడుకు డాలస్‌కి ఉత్తరాన సెలీనాలో చూసిన కొత్త ఇంటి ప్లాను పంపించారు. ఐదు బెడ్‌రూములు, మీడియా రూము, తూర్పు ముఖం. "అమ్మాయ్, ఏడు లక్షలంట, ఇక్కడ గోరంట్ల స్థలం అమ్మి కొంత సర్దుదామనుకుంటున్నా, ఏమంటావ్?" అన్నారు. ఏడు లక్షలంటే డాలర్లు. ఆయన ఆ మాట ఎంత తేలిగ్గా అన్నారో!

ముందు పెద్దవాళ్ల మాట చూద్దాం. గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగమనడం వినడానికి బాగానే ఉంటుంది. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడాదికి 7 శాతానికి మించి ఇవ్వకూడదని అక్కడి చట్టం. మనవాళ్లు లైన్లో ఎంతమంది ఉన్నా ఆ కోటా మారదు. ఈబీ-2, ఈబీ-3 అనే ఉద్యోగపు గ్రీన్ కార్డు క్యూల్లో పదేళ్లు దాటి నిలబడినవాళ్లు మా వీధిలోనే ఉండేవాళ్లు. అన్నాళ్లు ఆగితే ఎల్‌కేజీ పిల్లాడు హైస్కూలు దాటిపోతాడు. ఈలోగా అపార్ట్‌మెంట్ అద్దె పెరిగినప్పుడల్లా ఇల్లు మారడం, ఇల్లు మారితే స్కూలు మారడం. అక్కడ ఏ వీధిలో ఉంటే ఆ వీధికి రాసిపెట్టిన గవర్నమెంటు స్కూలే. కాబట్టి కార్డు దాకా ఆగితే పిల్లల చదువుకి ఆ ఇంటితో పని ఉండదు.

అలాగని పెద్దవాళ్ల భయం ఉత్తిది కాదు. హెచ్-1బీ, అంటే వర్క్ వీసా మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే వేరే కంపెనీ చూసుకోవడానికి ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వెలువడిన రాత్రి గుంటూరులో ఎన్ని ఇళ్లలో దీపాలు ఆర్పలేదో నాకు తెలుసు. పాతవాళ్లకు అది వర్తించదని తేలేలోపు కొందరు సెలవులు సగంలో వదిలేసి విమానం ఎక్కేశారు. అదే ఏడాది మే నెల నుంచి ఎఫ్‌హెచ్‌ఏ రుణాలు, అంటే మూడున్నర శాతం డౌన్ పేమెంట్‌తో ఇచ్చే ప్రభుత్వ బీమా ఉన్న లోన్లు, వర్క్ వీసావాళ్లకు ఇవ్వడం మానేశారు. మామూలు బ్యాంకు లోన్లు ఇప్పటికీ ఇస్తున్నారు. రూలు ఎప్పుడు మారుతుందో ఎవరి చేతిలోనూ లేదు. మన చేతిలో ఉన్నది ఇంటి సైజు ఒక్కటే.

ఇక కుర్రాళ్ల మాట. అద్దె దండగ, ఈఎంఐ మనది. దీన్ని కాగితం మీద పెడితే ఎలా ఉంటుందో చూడండి. మూడున్నర లక్షల డాలర్ల పాత ఇల్లు అనుకుందాం. 20 శాతం, అంటే 70 వేలు చేతినుంచి పెట్టాం. మిగతా 2 లక్షల 80 వేలు 30 ఏళ్ల లోను, వడ్డీ ఆరున్నర శాతం. నెలకు కంతు సుమారు 1,770 డాలర్లు. మొదటి నెల అందులో వడ్డీ 1,517, అసలు 253. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కం ట్యాక్స్ లేదని మనవాళ్లు మురిసిపోతారు గానీ, ఆ లోటంతా ఇంటి పన్నులో పిండుతారు. ఇంటి విలువలో రెండు శాతం వేసుకుంటే నెలకు 580 పైచిలుకు. వడగళ్ల దేశం కనక ఇన్సూరెన్స్ ఓ 300. మొత్తం 2,650. ఇందులో మనదయ్యేది ఆ 253 డాలర్లే. మిగతా 2,400 వడ్డీగా, పన్నుగా, బీమాగా ఎటో పోతుంది. అలాంటి ఇంటికి అద్దె 2,300 ఉంటే, ఏది దండగ? గీజర్ పాడైనా, ఏసీ చచ్చిపోయినా ఓనరు మనమే కాబట్టి ఆ ఖర్చు వేరు. ఇది దాచిపెట్టి "ఇల్లు కొనరా, అద్దె వేస్టు" అని చెప్పే స్నేహితులు చాలామందే ఉంటారు. చెడ్డవాళ్లు కాదు, వాళ్లు కొన్నది 2021లో. ఆ ఏడాది జనవరిలో 30 ఏళ్ల ఫిక్స్‌డ్ రేటు 2.65 శాతానికి పడిపోయింది. 2023 అక్టోబరులో అదే రేటు 7.79. వాళ్లు తమ రేటుతో చూసి మనకి సలహా ఇస్తున్నారు.

మరి కొనడం ఎందుకు? ఒకే ఒక్క మంచి కారణం ఉంది, దాని గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడరు. అక్కడ ఆ కంతు 30 ఏళ్లూ మారదు. మనకి హోమ్ లోన్ అంటే ఫ్లోటింగ్ రేటు, ఎప్పటికప్పుడు మారేది. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రెపో, అంటే ఆర్‌బీఐ బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ, 2023 ఫిబ్రవరికల్లా ఆరున్నర అయితే, విజయవాడలో ఫ్లాట్ కొన్నవాళ్లకి ఈఎంఐ పెరగడమో, పదిహేనేళ్ల లోను ఇరవై దాటడమో జరిగింది. అమెరికాలో రేటు పెరిగితే మనకేం కాదు. తగ్గితే రీఫైనాన్స్ చేసుకోవచ్చు, అంటే తక్కువ రేటుకి కొత్త లోను తీసుకుని పాతది తీర్చేయొచ్చు. ఐదారేళ్లు గడిస్తే చుట్టూ అద్దెలు పెరుగుతాయి, మన కంతు అక్కడే ఉంటుంది. అంటే ఇవాళ అద్దెతో సమానంగా, లేదా కాస్త ఎక్కువగా ఉన్న చిన్న ఇల్లు కొన్నేళ్లకు తన భారం తాను మోసుకునే స్థితికి వస్తుంది. పెద్ద ఇంటికి ఆ అదృష్టం పట్టడానికి చాలా కాలం కావాలి.

ఎందుకో బాబాయిగారి అబ్బాయి చూసిన ఏడు లక్షల ఇల్లే చెబుతుంది. ఐదు శాతం డౌన్ పేమెంట్ అన్నాడు. లోను 6 లక్షల 65 వేలు, అదే ఆరున్నర శాతానికి నెలకు 4,200. కొత్త కాలనీల్లో రోడ్లకీ నీటి పైపులకీ చేసిన అప్పు ఆ ఇళ్లమీదే అదనపు పన్నుగా రుద్దుతారు, ఎంయూడీ అనో పీఐడీ అనో పేరు పెట్టి. రెండు పాయింట్ మూడు శాతం వేస్తే నెలకు 1,340. బీమా 500. డౌన్ పేమెంట్ 20 శాతం లేదు కనక బ్యాంకు తన భయానికి మనచేత కట్టించే పీఎంఐ ఓ 300. హెచ్‌ఓఏ, అంటే కాలనీ సంఘానికి కట్టేది, వంద. కలిపితే నెలకు 6,400 దాటుతుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నన్నాళ్లు కట్టేస్తారు, కాదనను. కానీ ఆ ఇంటికి అద్దె 3,500 వస్తే గొప్ప. ఉద్యోగం పోయి గుంటూరు వచ్చేస్తే నెలకి రెండున్నర లక్షల రూపాయలు ఇక్కణ్నుంచి పంపాలి. పైన వేసిన చిన్న ఇంటి లెక్కలో, మేనేజ్‌మెంట్ కంపెనీకిచ్చేది కూడా కలిపి, ఆ లోటు యాభై, అరవై వేల రూపాయల దగ్గర ఆగుతుంది. అది బాధే గానీ మునిగిపోము.

"ఏడాది తిరక్కుండా పది పర్సెంట్ పెరుగుద్ది వదినా" అన్నాడు ఆ అబ్బాయి. అమ్మేటప్పుడు ఏజెంట్లకీ, హక్కు పత్రాలు చూసే టైటిల్ కంపెనీకీ కలిపి ఆరు నుంచి ఎనిమిది శాతం, కొనేటప్పుడు లోను, కాగితాల పనికయ్యే క్లోజింగ్ ఖర్చులు రెండు నుంచి ఐదు శాతం. పెరిగిన పదీ వాటికే సరి. పెరక్కపోతే? అమరావతి చుట్టుపక్కల స్థలాలు కొన్నవాళ్లకి ఈ ప్రశ్న వేయనక్కర్లేదు. 2019 తర్వాత ఐదేళ్లు వాళ్లు ఏం పడ్డారో జిల్లా అంతా చూసింది. ఊరు పెరుగుతుంది కాబట్టి ధర పెరిగి తీరుతుందనే మాట మనకి కొత్త కాదు.

పాత ఇల్లు అనగానే మనవాళ్లకి మొహం మాడుతుంది. అక్కడ 1970ల్లో కట్టిన ఇటుక ఇళ్లు ఊళ్లకి ఊళ్లే ఉన్నాయి. గార్లండ్, రిచర్డ్‌సన్, కారల్టన్, మెస్కీట్. ఒకే అంతస్తు, పదహారు వందల చదరపు అడుగులు, చెట్లు పెద్దవై నీడ పట్టి ఉంటాయి, హెచ్‌ఓఏ చాలాచోట్ల ఉండదు. వీటిల్లో చూసుకోవాల్సింది వంటగది టైల్స్ కాదు, పునాది. డాలస్ చుట్టూ ఉన్నది నల్లరేగడి. బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అని ఆ నేలకి పేరే ఉంది. మనలాగే పత్తి పండించిన నేల. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుని పగుళ్లిస్తుంది. గుంటూరులో ఏ మేస్త్రీని అడిగినా నల్లమట్టి అయితే పైల్స్ వేయాలంటాడు. అక్కడ పాత ఇళ్లు నేల మీద పరిచిన కాంక్రీటు స్లాబు మీదే నిలబడి ఉంటాయి.

మా ఇంటి ఇన్స్పెక్షన్‌కి మామూలు ఇన్స్పెక్టర్‌తో పాటు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని కూడా పెట్టుకున్నాం. ఆయన హాల్లో, బెడ్‌రూముల్లో ఒక నీటి గొట్టం లాంటి లెవెల్ పరికరం పెట్టి ఎక్కడ ఎంత వాలు ఉందో అంగుళంలో పదో వంతు దాకా కాగితం మీద రాసుకున్నాడు. తలుపులన్నీ తీసి వేసి చూశాడు. ఒక తలుపు వదిలేస్తే దానంతటదే మూసుకుంది. అక్కడే కూర్చుని చౌకట్టు పైమూల నుంచి ఏటవాలుగా పోయిన వెంట్రుక మందం పగులు చూపించాడు. బయట గోడ పక్కన మట్టి విడిపోయి వేలు పట్టేంత సందు ఉంది. ఆ కాగితం పట్టుకుని ధర తగ్గించమన్నాం, అమ్మేవాళ్లు కొంత తగ్గించారు. తర్వాత ప్రతి ఎండాకాలం ఇంటి చుట్టూ చిల్లుల గొట్టం పరిచి పునాదికి నీళ్లు పెట్టేవాళ్లం. మొక్కలకి కాదు, పునాదికి. ఫోన్లో ఈ సంగతి చెబితే మా నాన్న చాలాసేపు నవ్వారు. "మేము ఇంటి పక్కన నీళ్లు నిలవకూడదని చస్తుంటే నువ్వు పట్టుకెళ్లి పోస్తున్నావా" అని.

తూర్పు ముఖం గురించి ఒక మాట. వాస్తు నమ్మకం ఎవరిష్టం వాళ్లది, నేను వాదించను. కానీ మనవాళ్లు ఎక్కువగా కొనే కాలనీల్లో తూర్పు లాట్లకి బిల్డర్లు విడిగా ప్రీమియం వేసుకోవడం మొదలుపెట్టారు. ఆ ప్రీమియం తిరిగి రావాలంటే రేపు కొనేవాడు కూడా మనవాడే అవ్వాలి. అందరం ఒకే రకం వీసా మీద, ఒకే రంగంలో ఉద్యోగాలు చేస్తున్నాం. ఒక దెబ్బ తగిలితే అందరం ఒకేసారి అమ్మేవాళ్లమవుతాం. అప్పుడు కొనేదెవరు? డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలోని గుడికి దగ్గర అన్నది మనకి వరం, పక్కింటి టీచరమ్మకి అదేమీ కాదు. ఆవిడ కూడా కొనగలిగే ఇల్లు అయితే అమ్మడం తేలిక.

గోరంట్ల స్థలం సంగతి. బాబాయిగారితో నేను గట్టిగా మాట్లాడింది ఇక్కడే. ఆయనకి ఎవరో చెప్పారట, స్థలం అమ్మిన డబ్బుతో ఇల్లు కొంటే లాభం మీద పన్ను ఉండదని. ఉండదు, ఆ ఇల్లు ఇండియాలో ఉంటే. 2014 బడ్జెట్‌లోనే ఆ మాట చట్టంలో చేర్చారు. సెలీనాలో కొంటే వర్తించదు. కాబట్టి ముందు పన్ను కట్టాలి. ఆ తర్వాత పంపడం. విదేశాలకి డబ్బు పంపడానికి ఆర్‌బీఐ పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఒక మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. కానీ పది లక్షల రూపాయలు దాటిన సొమ్ము మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. రిటర్నులో తిరిగి వస్తుంది, నిజమే. అప్పటిదాకా ఆ డబ్బు మనది కాదు. డబ్భై ఏళ్లాయనకి, బైపాస్ అయిన మనిషికి, అన్ని లక్షలు నెలల తరబడి ఇరుక్కుపోవడం చిన్న సంగతి కాదు. పంపడానికి ఇక్కడ బ్యాంకు అప్పు ఇవ్వదు, రూలు ఒప్పుకోదు. అవతల అబ్బాయి లక్ష డాలర్లు దాటి బహుమతి తీసుకుంటే పన్ను లేకపోయినా అక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి 3520 అనే ఫారం పెట్టాలి, మర్చిపోతే జరిమానా. లోను ఇచ్చేవాడు ఇది అప్పు కాదు, బహుమతే అని నాన్న చేత సంతకం పెట్టిన లెటర్ అడుగుతాడు.

ఇవన్నీ చేయగలిగినవే. అయినా నేను వద్దన్నాను. ఇక్కడి స్థలం అమ్మితేగానీ కొనలేని ఇల్లు అక్కడి జీతానికి మించిన ఇల్లు. దాని డౌన్ పేమెంట్ అక్కడి జీతంలోంచి రాకపోతే రేపు దాని కంతు కూడా ఇబ్బందే. పైగా ఆ స్థలం బాబాయిగారికీ పిన్నిగారికీ ముసలితనపు ఆసరా. "వాడి కోసం కాకపోతే ఇంకెవరికమ్మా" అన్నారాయన. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, కానీ లెక్క మారదు.

కొందరికి ఎదురు సమస్య. విజయవాడ పటమటలోనో పోరంకిలోనో కోటి పెట్టి కొన్న ఫ్లాట్‌కి తాళం వేసుంటుంది, లేదా పాతిక వేలకి అద్దెకిచ్చి ఉంటారు. అక్కడ తాము అద్దె ఇంట్లో ఉంటారు. ఏడాదికొకసారి వచ్చి బూజు దులిపి వెళ్తారు. ఇలాంటివాళ్లు అక్కడ ఇల్లు కొనడానికి ఇది అమ్మేస్తే మాత్రం నేను అడ్డు చెప్పను. అది వాళ్ల సొంత డబ్బు. ఎన్ఆర్ఐ అమ్మితే కొనేవాడు టీడీఎస్, అంటే ముందే కోసే పన్ను, పట్టుకోవాలి, డబ్బు ఎన్ఆర్ఐలకి ఇక్కడి బ్యాంకులో ఉండే ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడుతుంది, సీఏ సర్టిఫికెట్‌తో ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా బయటికి తీసుకెళ్లొచ్చు. పిల్లలు పెరుగుతున్న ఊళ్లో ఇల్లు లేకుండా, పండక్కి కూడా దిగని ఊళ్లో ఇల్లు ఉంచుకోవడం నాకు అర్థం కాదు. సెంటిమెంట్ అంటారు. సరే.

వేరే దేశాల్లో ఉన్నవాళ్లు కూడా అడుగుతుంటారు. కొన్నిచోట్ల తలుపు ఇంకా ఇరుకు. ఆస్ట్రేలియాలో 2025 ఏప్రిల్ నుంచి తాత్కాలిక వీసావాళ్లు పాత ఇల్లు కొనడం ఆపేశారు, కొత్తగా కట్టినవైతే అనుమతి తీసుకుని కొనాలి. కెనడాలో 2023 నుంచి విదేశీయుల మీద నిషేధం ఉంది గానీ, వర్క్ పర్మిట్‌లో కనీసం 183 రోజుల గడువు మిగిలి ఉన్నవాళ్లకి ఒక ఇల్లు కొనుక్కునే వెసులుబాటు ఇచ్చారు. జర్మనీలో ఎవరైనా కొనొచ్చు. కానీ కొనుగోలు పన్నే రాష్ట్రాన్ని బట్టి మూడున్నర నుంచి ఆరున్నర శాతం, నోటరీ ఖర్చులు వేరే.

మళ్లీ డాలస్‌కి వద్దాం. వదిలి రావడం అన్నాను కదా, దానికీ ముందే చేసుకోవాల్సిన పనులున్నాయి. ఉండటానికని తీసుకున్న లోనులో కనీసం ఏడాది ఆ ఇంట్లో కాపురం ఉండాలనే షరతు ఉంటుంది. ఆ తర్వాతే అద్దెకివ్వాలి. అద్దెకివ్వగానే హోమ్‌స్టెడ్ మినహాయింపు, అంటే సొంతంగా కాపురమున్న ఇంటికి ఇంటి పన్నులో ఇచ్చే తగ్గింపు, పోతుంది. సొంతంగా ఉంటే ఇంటి పన్నులో స్కూళ్లకి పోయే భాగంలో ఇంటి విలువ నుంచి 2023లో లక్ష డాలర్లు, 2025లో లక్షా నలభై వేలు తీసేసి లెక్కగట్టేలా పెంచారు. విలువ ఏడాదికి పది శాతానికి మించి పెంచకూడదనే గొళ్లెం కూడా ఉంది. అద్దె ఇంటికి ఇవేవీ ఉండవు. కాబట్టి మన లెక్క మొదటి రోజు నుంచే మినహాయింపు లేని పన్నుతో వేసుకోవాలి. ఇండియా వచ్చేశాక ఆ అద్దె మీద అమెరికా పన్ను ఖర్చులు తీసేసి కట్టేలా అక్కడి రిటర్నులో ఎంచుకోవాలి. లేదంటే మొత్తం అద్దె మీద 30 శాతం.

అమ్మాలనుకుంటే ఒక గడువు ఉంది. వెనక్కి ఐదేళ్లు లెక్కేస్తే అందులో రెండేళ్లు ఆ ఇంట్లో ఉండి ఉంటే, ఒక్కొక్కరికి రెండున్నర లక్షల డాలర్ల లాభం దాకా అక్కడ పన్ను లేదు. అంటే వచ్చేసిన మూడేళ్లలోపు అమ్ముకోవాలి. అమ్మేవాడు అక్కడ నివాసి కాని విదేశీయుడైతే కొనేవాడు ధరలో 15 శాతం పట్టుకుని ఐఆర్‌ఎస్‌కి కడతాడు. లాభం మీద కాదు, ధర మీద. కొనేవాడు తాను ఉండటానికి తీసుకుంటుంటే పది లక్షల డాలర్ల దాకా 10 శాతం, మూడు లక్షలు మించకపోతే అసలు పట్టుకోనక్కర్లేదు. చిన్న ఇల్లు ఇక్కడ కూడా బతికిస్తుంది. ఇటువైపు, తిరిగొచ్చిన కొత్తలో ఆర్‌ఎన్‌ఓఆర్‌గా, అంటే పన్ను లెక్కలో ఇంకా పూర్తి నివాసి కానివాళ్లుగా, ఉన్న రెండు మూడేళ్లు ఆ విదేశీ అద్దె మీద మనకి పన్ను పడదు. అది దాటాక ఇక్కడి రిటర్నులో అద్దె చూపించాలి, విదేశీ ఆస్తుల షెడ్యూల్లో ఇల్లు రాయాలి. రాయకపోతే 2015 నల్లధనం చట్టం కింద పది లక్షల రూపాయల జరిమానా వేయొచ్చు. ఇల్లు మనం కష్టపడి కొన్నదే కదా అంటే అధికారి వినడు.

ఇంత చెప్పాక బాబాయిగారి అబ్బాయి అడిగిన చివరి ప్రశ్న, "వచ్చేసే ముందు అన్నిటికన్నా ముందు ఏం చేయాలి వదినా?" అమెరికా ఫోన్ నంబరు పోగొట్టుకోకు అన్నాను. బ్యాంకు ఓటీపీలు, లోను కంపెనీ, కౌంటీ పన్ను, ఇన్సూరెన్స్, అన్నీ ఆ నంబరు మీదే ఉంటాయి. ఇంటర్నెట్ నంబర్లకి చాలా బ్యాంకులు ఓటీపీ పంపవు. నెలకి కొద్ది డాలర్ల ప్లాను తీసుకుని, ఇండియాలో కూడా వైఫై మీద పనిచేస్తుందో లేదో అక్కడుండగానే కనుక్కుని రావాలి. మా ఆయన ఆ సిమ్ ఉన్న పాత ఫోన్‌ని ఫ్రిజ్ మీద ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉంచుతారు. గార్లండ్‌లో వడగళ్లు పడ్డ రోజు ముందు మోగేది అదే.